బరువు వీపునకా, చక్రమునకా?

మన భాషలో సంచికి పేర్లు పెక్కు. భిక్షాటనకు పోవువాని భుజమునుండి వ్రేలాడునది జోలె. ఎద్దు వీపున ఇరుప్రక్కల సమముగా జారవిడిచినది పెరిక. బద్దకు రెండు కొనల రెండు బరువులు కట్టి భుజమున కెత్తుకొనునది కావడి. తలపైకి చేరునది మూట. ఇవి ఊరక పుట్టిన పర్యాయపదములు కావు. ఎవరు మోయుదురు, ఏ తావున మోయుదురు అను భేదమే ఈ పేర్ల భేదము. నేటి అంగడిలో నిలిచి సంచి కొనువాడు ముందుగా చూచునది రంగు, తరువాత ధర, ఆపైన అరల సంఖ్య. మోయునది ఎవరను ప్రశ్న అతనికి తోచదు. బస్సులోనో కారులోనో పోవువానికి ఆ ప్రశ్నతో అంతగా పని లేదు. సైకిలుపై ఉద్యోగమునకు పోవువానికి మాత్రము అదియే మొదటి ప్రశ్న.

గోపాలపట్నము విశాఖపట్నమునకు పడమటి వాకిలి వంటిది. సింహాచలము పేరు పెట్టుకొన్న రైల్వే స్టేషను ఉన్నది ఇచ్చటనే. ఒక వంక పెందుర్తి, కొత్తవలసల మీదుగా అరకునకు పోవు బాట. మరియొక వంక ఎన్.ఏ.డి. కూడలి. ఆ కూడలి దాటినచో ఒక దారి నగరములోనికి, మరియొక దారి విమానాశ్రయము మీదుగా గాజువాకకు, ఉక్కు కర్మాగారమునకు పోవును. 1933లో ఓడరేవు తెరవబడినది. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. ఇట్లు పనిచోట్లు ఒకదాని వెంట ఒకటి లేచిన నగరములో షిఫ్టు మనిషికి సైకిలు కాళ్ళతో సమానమైన వాహనముగా నుండెను. నేడు రోడ్డంతయు మోటారు సైకిళ్ళదే. అయినను సైకిలు పోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వ్యవసాయేతర వృత్తులలో నున్నవారిలో నూటికి ఇంచుమించు 13 మంది సైకిలుపైననే పనికి పోవుచుండిరి.

వీరిలో కర్మాగారమునకు పోవువానికి సంచిని గూర్చిన చింత తక్కువ. క్యారియరుకు టిఫిను డబ్బా బిగించుకొని పోయి, అచ్చట బట్టలు మార్చుకొనును. చిక్కంతయు కచేరికి పోవు చిరుద్యోగిది, బడిపంతులుది, దుకాణమున లెక్కలు వ్రాయు గుమాస్తాది, కంప్యూటరు ముందు కూర్చుండు యువతిది. అతడు గాని, ఆమె గాని రోడ్డుపై శ్రమజీవి. గడప దాటినంతనే మర్యాద తెలిసిన ఉద్యోగి కావలెను. తడిసిన చొక్కాతో, నలిగిన కాగితములతో, మోకాటికి కొట్టుకొను గుడ్డసంచితో లోపలికి వచ్చినవానిని మన సంఘము చూచు చూపు ఎట్టిదో ఎల్లరెరుగుదురు. ఆ చూపును కొన్ని నెలలు భరించి, వాయిదాల మీద మోటారు సైకిలు కొనువారు కలరు. అప్పటినుండి జీతములో ఒక భాగము వాయిదాకు, ఒక భాగము పెట్రోలుకు పోవును. దూరము వారిని ఓడింపలేదు, ఎండయు ఓడింపలేదు. సంచి ఓడించినది. కావున ఇది అలంకారమునకు సంబంధించిన చర్చ కాదు. కుటుంబపు జమాఖర్చులకు సంబంధించినది.

సైకిలుపై బరువు మోయు తీరులు ముఖ్యముగా మూడు: వీపున, భుజమున, చక్రముపైన. హ్యాండిలుకు తగిలించుట నాలుగవది. కాని దానిని తీరు అనుటకంటె ప్రమాదమనుట మేలు. వ్రేలాడు సంచి ముందు చక్రపు పుల్లలలో ఒక్కసారి చిక్కుకొనెనా, చక్రము నిలిచిపోవును, మనిషి మాత్రము నిలువడు.

వీపుసంచికి గల గొప్ప గుణము స్వాతంత్ర్యము. సైకిలు దిగినంతనే రెండు చేతులును ఖాళీ. గతుకులలో మోకాళ్ళు, మోచేతులు కుదుపును మ్రింగివేయును గనుక లోపలి కంప్యూటరుకు దెబ్బ తక్కువ. కాని మన తీరమున దీనికొక శత్రువు కలదు. చెమట ఆవిరియైనప్పుడే శరీరము చల్లబడును. సముద్రపు గాలిలో తేమ హెచ్చు గనుక ఆ ఆవిరి యగుటయే మందము. దానిపై వీపున సగభాగమును సంచితో కప్పివేసినచో పది కిలోమీటర్లు పోవునప్పటికి చొక్కా వెనుక సంచి ఆకారమే చెమటతో అచ్చు పడును. బరువు ఎత్తున నుండుట రెండవ దోషము; మెడయు భుజములును సాయంకాలమునకు ఆ సంగతి చెప్పును.

భుజసంచి మన జోలెకు చుట్టమే. చూపునకు ఇంపైనది, తీయుట తేలిక. పలుచని పుస్తకము, చిన్న డబ్బా ఉన్నంతవరకు దానికి వంక పెట్టనవసరము లేదు. బరువు పెరిగినప్పుడు అది వీపునుండి ప్రక్కకు, ప్రక్కనుండి పొట్ట మీదికి జారును. లారీని తప్పించుటకు ఒక్కసారిగా వంగినప్పుడు జారు బరువు మనకు వ్యతిరేకముగా పని చేయును.

మూడవది చక్రముపైని సంచి. ఇది పాశ్చాత్యులు నేర్పిన క్రొత్త విద్య యని కొందరి అభిప్రాయము. కాని తెల్లవారుజామున పల్లెలనుండి పాలు తెచ్చువాని సైకిలును చూడుడు. క్యారియరుకు ఇరుప్రక్కల క్యానులు, బరువు సమము, అది నేలకు దగ్గర, త్రొక్కువాని వీపు గాలికి తెరపి. ఎద్దు వీపుననుండి సైకిలు మీదికి దిగిన పెరికయే అది. సంచారవ్యాపారులు ఎడ్లపై ధాన్యమును, ఉప్పును నడిపించిన కాలమున తెలిసిన సూత్రమునే పాలవాడు నేటికిని పాటించుచున్నాడు. ఆ సూత్రము కచేరికి పోవువానికి చేరకపోవుటకు కారణము శాస్త్రము కాదు, సిగ్గు. పాలవానివలె కనబడుదునేమో యను సంకోచమే.

అయితే పెరికకును దోషములు లేకపోలేదు. క్యారియరు ఇనుపచువ్వ, దానికి మోకాళ్ళు, మోచేతులు లేవు. ప్రతి గతుకును సంచిలోనికే చేరును. కావున కంప్యూటరు సంచి అడుగున ఆనరాదు. మెత్తని అరలో వ్రేలాడునట్లు ఉండవలెను. సంచి మరీ ముందునకు జరిగినచో త్రొక్కునప్పుడు మడమ తగులును. క్రింది కొస వెనుకకు ఏటవాలుగా కోసియున్న సంచి దీనికి విరుగుడు. దూరదేశములనుండి వచ్చు సంచుల కొక్కెములు సన్నని చువ్వలకు తగినవి. మన పాతకాలపు సైకిలు క్యారియరు మోటు. కొనకముందే కొక్కెము పట్టునో లేదో చూచుకొనవలెను. ఒక్క సంచియే యైనచో ఎడమప్రక్కన తగిలించుట మంచిది. మనము రోడ్డుకు ఎడమగా పోవువారము గనుక దాటిపోవు వాహనములకు అది తగులదు. బరువు హెచ్చినప్పుడు రెండు చేయవలెను. రెండైనచో మరియొక సౌకర్యము కలదు: కాగితములు ఒక ప్రక్క, అన్నపు క్యారియరు ఒక ప్రక్క. పులుసు ఒలికి దస్త్రములు పసుపుపచ్చనగుట ఎరిగినవారికి ఈ విభజన విలువ చెప్పనక్కరలేదు. చీరకొంగు, చున్నీ వెనుక చక్రములో చిక్కుకొనునేమో యను భయమును కూడ ఇరుప్రక్కల సంచులు కొంత తగ్గించును.

ఇక సంచి దేనితో కుట్టినదై యుండవలెను? విశాఖలో నైరృతి ఋతుపవనముల వాన ముగియుచుండగనే తుపానుల కాలము తలయెత్తును. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను చూచినవారికి వాన పైనుండియే కాదు, ప్రక్కనుండియు కురియునని తెలియును. కావున పైన రేకువలె మూత ఉన్నంత మాత్రమున చాలదు. మూతి చుట్టి మడచి బిగించు సంచికే లోపలి కాగితము పొడిగా నిలుచును.

తోలుసంచి హుందా యైనది. దాని ముందు అన్యములు వెలవెలబోవును. కాని మన తేమలో పదిదినములు మూలనుంచినచో బూజు పట్టును. తడిసిన పిమ్మట ఎండలో పెట్టినచో బిగుసుకొని పగులును. నీడన ఆరబెట్టి, పల్లెలలో చెప్పులకు చేయునట్లు నాలుగు చుక్కల ఆముదము రాయు ఓపికయున్నవారే దానిని కొనవలెను. మైనము పట్టించిన దళసరి నూలుగుడ్డ రెండవది. ఇంగ్లండులో లాంకషైరు సీమలోని నెల్సను పట్టణమున 1932లో మొదలైన క్యారడైస్ కుట్టుశాల అట్టి గుడ్డతోనే సైకిలు సంచులు కుట్టి పేరుపొందినది. నూలుపోగు తడిసినప్పుడు ఉబ్బి సందులను తానే మూసివేయును. అదియే దాని రహస్యము. అంగడిలో చౌకగా దొరకునది లోపల పూత పూసిన నైలాను. మొదటి సంవత్సరము అది వానను చక్కగా ఆపును. కాని పాలీయురితేను పూతకు వేడియు తేమయు కలిసిన గాలి సరిపడదు. కొన్ని ఏండ్లకు జిగురై, పొరలు పొరలుగా రాలును. ఆ రాలిన పొట్టు దస్త్రముల నంటుకొనునప్పుడు చౌక ఎంత ప్రియమో తెలియును.

అన్నింటికంటె మొండిది లారీలపై కప్పు బరకము. 1993లో జ్యూరిక్ నగరమున మార్కస్, డానియెల్ ఫ్రైటాగ్ అను అన్నదమ్ములు వానకు తడియని సైకిలు సంచి కావలెనని పాత లారీ బరకములను కోసి, కారు సీటు బెల్టులను పట్టీలుగను, సైకిలు ట్యూబులను అంచులుగను కుట్టిరి. పారవేయు వస్తువులతో పుట్టిన ఆ సంచి క్రమముగా దేశదేశముల విద్యావంతుల భుజములకెక్కినది. రేవునకు పోవు లారీలకు కొరతలేని విశాఖలో బరకమునకు గాని, దానిని కుట్టు చేతులకు గాని కరవు లేదు. ముదురు నీలమో, బూడిదరంగో అయిన బరకమును తెచ్చి, అడుగున గట్టి పలక వేయించి, కుట్లకు లోపలినుండి పట్టీ అతికించి కుట్టించుకొన్నచో దొరలసంచికి తీసిపోదు. గుండీలు, కన్నములకు ఇత్తడి వాడవలెను. ఉప్పుగాలికి ఇత్తడికి కిలుము పట్టును గాని ఇనుమువలె తుప్పు పట్టి విరుగదు. జిప్పు పెట్టింపవలసినచో ప్లాస్టిక్ పండ్లది మేలు.

మర్యాదగా కనబడుట యనగా నేమి? మెరయుట కాదు. నేలపై పెట్టినప్పుడు కూలిపోక నిలబడుట. కాగితము అంచు మడత పడకుండుట. సైకిలు కొక్కెములు బయటికి కనబడక ఒక మూతక్రింద దాగుట. చేత పట్టుకొనుటకు తగిన పిడి యుండుట. కచేరి కాగితము కొలత 21 సెంటీమీటర్లకు 29.7 సెంటీమీటర్లు, దానిపై అట్ట, దస్త్రపు అంచు కలుపుకొన్నచో లోపలి వెడల్పు 26కు, ఎత్తు 35కు తగ్గరాదు. ఆ కాగితములు 500 ఉన్న కట్ట ఇంచుమించు రెండున్నర కిలోలు తూగును. లీటరు నీరు మరియొక కిలో. అన్నము, కంప్యూటరు వేరు. ఈ లెక్క ఒకసారి వేసికొన్నవాడు దానిని వెన్నెముకపై పెట్టుటకు ముందు ఆలోచించును. నల్లసంచి గౌరవముగా నుండును గాని చీకటిలో కనబడదు. వెలుగుపడిన మెరయు పట్టీ యొకటి వెనుకకు కట్టి, గడపవద్ద విప్పివేయవచ్చును.

సంచిని ఖాళీగా చూచి కొనరాదు. ఒక దినపు సామానంతయు అంగడికి తీసికొనిపోయి, అందులో నింపి, సైకిలుకు తగిలించి వీధి చివరివరకు ఒకసారి త్రొక్కవలెను. తరువాత దానిని విప్పి చేతపట్టుకొని రెండంతస్తుల మెట్లు ఎక్కవలెను. మడమకు తగులక, మెట్లపై చేతిని గుంజక, పైకి చేరునప్పటికి వీపు పొడిగా నున్నచో ఆ సంచి తగినదే. ఎద్దుకు పెరిక వేయుటకు ముందు రెండు వంకలను చేతితో ఎత్తి తూచి చూచుకొనుట అనుభవజ్ఞుల పద్ధతి. మన సైకిలుకు ఆ మాత్రపు మర్యాద చేయుట అధికము కాదు.