మోటారు బండిలోని మెమొరీ: అరుగుదల, మార్పిడి

మన బంధుగాం నుండి పార్వతీపురమునకో, నారాయణపట్నమునకో పోవు జీపులలోను కార్లలోను నేడు స్టీరియో లేని బండి అరుదు. ఒకే ప్రయాణములో తెలుగు పాట, ఒడియా పాట, కువి పాట ఒకదాని వెంట నొకటి వినవచ్చును. ఆ పాటలు రేడియోవలె ఆకాశమునుండి వచ్చునవి కావు. బండిలోనే యొకచోట నిల్వయై యున్నవి. ఆ నిల్వచోటు ఎట్టిది, అది యేల చెడిపోవును, దానిని తీసి పెద్దదానిని అమర్చుట యెట్లు అను మూడు విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మన బాలురలో పలువురు మెకానిక్కు పనియందు ఆసక్తి గలవారు గనుక ఈ సంగతులు వారికి అక్కరకు రాగలవని మా నమ్మకము.

ముందుగా కొంత పూర్వకథ. 1930లో అమెరికాయందు గాల్విన్ సంస్థవారు మోటరోలా అను పేర కారు రేడియోను అమ్మకమునకు తెచ్చిరి. రేడియోకు నిల్వతో పనిలేదు. తనకు నచ్చిన పాటను తన బండిలోనే తీసికొనిపోవలెనను కోరిక తరువాత బలపడెను. 1956 నమూనా క్రైస్లరు కార్లలో, నిమిషమునకు సుమారు 17 చుట్లు తిరుగు చిన్న గ్రామఫోను యంత్రమును అమర్చిరి. దానికి తగిన ప్రత్యేకపు రికార్డులు కొన్ని మాత్రమే దొరకుటచేత ఆ యేర్పాటు కొలదికాలములోనే మూలబడెను. 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును వెలువరించెను. 1984లో పయొనీర్ సంస్థ కారులో అమర్చు సి.డి. యంత్రమును తెచ్చెను.

వీని యన్నింటను ఒక సౌకర్యముండెను. పాటను దాచు వస్తువు వేరు, పాడు యంత్రము వేరు. క్యాసెట్టు అరిగినచో క్యాసెట్టునే పారవేయుదుము. యంత్రమునకు కీడు లేదు. నేటి కార్లలో నిల్వ యంత్రము కడుపులోనికే చేరినది. అందులో పాటలేకాక, యంత్రమును నడిపించు ప్రోగ్రాములు, దారి చూపు పటములు, మన ఫోనునుండి తీసికొన్న నంబర్లు కూడ ఉండును. కావున నిల్వ చెడినచో యంత్రమే మూగవోవును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఈ నిల్వ ముఖ్యముగా రెండు విధములు. మొదటిది హార్డ్ డిస్కు. 2007 నమూనా నుండి క్రైస్లరు వారి కొన్ని కార్లలో 20 గిగాబైట్ల డిస్కు గల 'మైగిగ్' అను యంత్రము వచ్చెను. హార్డ్ డిస్కులో అద్దమువలె నున్నని పళ్లెము వేగముగా తిరుగుచుండును. దానిపై చదువు 'తల' పళ్లెమునకు తగులక, వెండ్రుక మందములో వేయవవంతుకన్న తక్కువ యెత్తున, గాలిపొరమీద తేలుచుండును. గాలి పలుచనైనచో తల క్రుంగును. అందుచేతనే సామాన్యపు డిస్కులు సముద్రమట్టమునకు సుమారు 3000 మీటర్ల యెత్తువరకే పనిచేయునని తయారీదారులు హద్దు పెట్టుదురు. మన కోరాపుట్ జిల్లాలోని దేవమాలి ఒడిశా శిఖరములలో నెల్ల ఎత్తైనదే అయినను 1672 మీటర్లు మాత్రమే. కనుక మనకు ఎత్తువలన భయములేదు. భయమంతయు ఘాటుదారి కుదుపువలనను, ఎండవలనను.

అద్దములు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల సెంటీగ్రేడువరకు కాగగలదు. ల్యాప్‌టాప్‌లో వాడు సామాన్యపు డిస్కులు 55 లేక 60 డిగ్రీలు దాటిన పనిచేయుటకు చేసినవి కావు. కార్లకొరకే తోషిబా వంటి సంస్థలు చేసిన డిస్కులు సున్నకు దిగువ 30 డిగ్రీల చలినుండి 85 డిగ్రీల వేడివరకు ఓర్చుకొనును. చవకగా దొరకినదని ల్యాప్‌టాప్ డిస్కును తెచ్చి కారులో బిగించువారు ఈ భేదమును గుర్తింపవలెను.

రెండవది మెమొరీ చిప్పు. దీనిలో తిరుగునది ఏదియు లేదు. తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఒకా అను జపాను ఇంజనీరు 1980వ దశకములో కనిపెట్టిన 'ఫ్లాష్' మెమొరీయే పెన్ డ్రైవులోను, ఫోనులోను, నేటి కారు స్టీరియోలోను ఉన్నది. ఇందులో కోట్లకొలది సూక్ష్మమైన గదులుండును. గదిలోనికి ఎలక్ట్రానులను పంపి అక్షరమును నిలుపుదురు. వానిని వెలికి తీసి తుడుతురు. ఎలక్ట్రానులు చొచ్చుకొనిపోవు గోడ మిక్కిలి పలుచనిది. వ్రాసి తుడిచిన ప్రతిసారి ఆ గోడ రవంత దెబ్బతినును. కొన్నివేల పర్యాయములైన పిమ్మట గది ఎలక్ట్రానులను పట్టి నిలుపజాలదు. పలకను చూచినంత మాత్రమున అది అరుగదు. వ్రాసి తుడుచుటవలననే అరుగును. ఇదియు అట్టిదే. పాటను వేయిసార్లు వినినను చిప్పునకు కలుగు నష్టము లెక్కింపదగినది కాదు. వ్రాతయే దాని ఆయువును హరించును.

ఒకే బాలునిచేత దినమును నల్లబల్ల తుడిపింపక తరగతిలో వంతులు వేసినట్లు, చిప్పులోని నియంత్రకము కూడ గదులకు వంతులు వేయును. అందుచేత అన్నియు ఇంచుమించు సమముగా అరుగును. కాని గదులు కొలదిగా నుండి పని యెక్కువైనచో వంతు త్వరగా వచ్చును.

ఈ విషయము ప్రపంచమునకు తెలియవచ్చినది అమెరికాలోని టెస్లా కార్ల వ్యవహారమువలన. విద్యుత్తుతో నడచు ఆ కార్లలో, 2012 నుండి 2018 తొలి నెలలవరకు తయారైన కొన్ని నమూనాలయందు, నడిమి తెర వెనుక 8 గిగాబైట్ల ఫ్లాష్ చిప్పు ఉండెను. దాని గదులు సుమారు 3000 పర్యాయములు వ్రాసి తుడుచుటకు తగినవి. వ్రాత నిలువక సాగుచుండుటచే చిప్పు అరిగిపోయి, కొన్ని సంవత్సరములకే తెర నల్లబడసాగెను. స్టీరింగు, బ్రేకులు చెడలేదు. కాని తెరతోపాటు వెనుక దారి చూపు కెమెరాయు, అద్దముపై మంచు తొలగించు మీటలును పనిచేయకపోయెను. వెనుక నున్న పసివాడు కనబడకుండుట వినోదమునకు సంబంధించిన లోపము కాదు గదా! 2021 జనవరిలో అమెరికా రహదారి భద్రతాశాఖ సుమారు 1,58,000 కార్లను వెనుకకు పిలిపింపుడని ఆ సంస్థకు వ్రాసెను. ఇట్టి భాగము బండి జీవితకాలమంతయు నిలువవలెననుట సాధ్యము కాదని సంస్థ వాదించెను. అయినను 2021 ఫిబ్రవరిలో సుమారు 1,35,000 కార్లను పిలిపించి మరమ్మతు చేయుటకు అంగీకరించెను. 8 గిగాబైట్ల చిప్పునకు బదులు 64 గిగాబైట్ల చిప్పును ఇచ్చుటయే ఆ మరమ్మతు.

పెద్దదానిని ఏల అమర్చిరి? ఎక్కువ పాటలు పట్టుటకు కాదు. బాలురు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును. ఒక చిప్పులోని ప్రతి గది 3000 సార్లు వ్రాతకు ఓర్చుననుకొందము. దినమునకు ఒక్కసారి వంతు వచ్చినచో 3000 దినములు, అనగా ఎనిమిది సంవత్సరములకు పైన. దినమునకు రెండుసార్లు వచ్చినచో నాలుగు సంవత్సరములు. వ్రాత అంతయే యుండి, గదులు ఎనిమిదింతలు చేసినచో ఒక్కొక్క గదికి వచ్చు వంతు ఎనిమిదవ పాలు అగును. అప్పుడు నాలుగు సంవత్సరముల ఆయువు లెక్కప్రకారము ముప్పది సంవత్సరములు దాటును. వేడిమి మొదలైనవానివలన నిజముగా అంత రాకపోవచ్చును, కాని మార్గమిదియే. కావున పెద్ద నిల్వవలన ముఖ్యలాభము చోటు కాదు, ఆయువు.

ఇక మార్పిడి పద్ధతి. మొట్టమొదట మన బండిలోని నిల్వ ఏ జాతిదో తెలిసికొనవలెను. హార్డ్ డిస్కు అయినచో మరలు విప్పి తీయవచ్చును. ఫ్లాష్ చిప్పు అయినచో సాధారణముగా అది పలకకు టంకముతో అతుకబడి యుండును. గోరంత చిప్పు అడుగున నూటికి మించిన టంకపు బిందువులుండును. దానిని వేడిగాలి యంత్రముతో ఊడదీయుట చేయితిరిగినవారి పని. మామూలు టంకపు కడ్డీతో ప్రయత్నింపరాదు. వారంటీ తీరని బండిని కంపెనీ సర్వీసునకే అప్పగింపవలెను.

రెండవది, పాతది ఇంకను పనిచేయుచుండగనే దాని ప్రతిని తీయవలెను. పాటల ఫైళ్లు మాత్రమే ఎత్తి వ్రాసిన చాలదు. యంత్రమును మేల్కొలుపు ప్రోగ్రాములు కంటికి కనబడని భాగములలో నుండును. కావున మొదటి అక్షరమునుండి తుది అక్షరమువరకు ఉన్నదున్నట్లు ప్రతి తీయవలెను. కొన్ని కంపెనీలు డిస్కునకు రహస్య సంకేతముతో తాళము వేయును. అట్టివానిని విప్పకమునుపే తాళము సంగతి విచారింపవలెను. క్రొత్త దానిలో ప్రతిని దింపిన పిదప పెరిగిన చోటును యంత్రము గుర్తించుటకు విభాగముల హద్దులను జరుపవలసి యుండును. కొన్ని యంత్రములు పాత కొలతను మించి చూడనే చూడవు. అట్టిచో చోటు పెరుగదని ముందే తెలిసికొనుట మేలు.

మూడవది, పనికి ముందు బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి కొంతసేపు ఆగవలెను. ఎయిర్ బ్యాగులు గల బండ్లలో ఈ జాగ్రత్త ప్రాణరక్షణకు సంబంధించినది. తిరిగి తగిలించినపుడు కొన్ని స్టీరియోలు కోడు నంబరు అడుగును. దానిని ముందే వ్రాసి యుంచుకొనవలెను. నాలుగవది, క్రొత్తది కొన్ని దినములు నిలుకడగా నడచువరకు పాతదానిని పారవేయరాదు. పారవేయునపుడు అందులోని ఫోను నంబర్లను, చిరునామాలను పూర్తిగా చెరిపివేయవలెను. బండిని అమ్మువారికిని ఇదియే నియమము.

మన ప్రాంతమున పలువురు బజారులో వేరుగా కొని బిగించుకొను ఆండ్రాయిడ్ స్టీరియోలను గూర్చి ఒక మాట. దుకాణదారులు వానిని '2, 32' అని రెండు అంకెలతో చెప్పుదురు. మొదటిది పని జరుగునపుడు వాడుకొను మెమొరీ. కరెంటు పోగానే అందలివి పోవును. రెండవదే నిల్వ. నిల్వ చాలనిచో పెట్టెను విప్పుటకన్న, దానికి గల రంధ్రములో పెన్ డ్రైవును పెట్టుకొనుట సులభము, క్షేమము. పెన్ డ్రైవు అరిగినచో క్యాసెట్టు వలె దానినే మార్చుకొందుము. అయితే అట్టపై పెద్ద అంకె ముద్రించి లోపల చిన్న చిప్పు పెట్టి అమ్ము మోసము కూడ కలదు. కొనగానే దానిని పూర్తిగా నింపి, మరల చదివించి చూచినచో నిజము బయటపడును.

ఇంతకును మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇది: బండిలోని మెమొరీ టైరువంటిది, చట్రమువంటిది కాదు. అది అరిగి తీరును. ఎంత పెద్దదానిని అమర్చినను ఆ దినము వెనుకకు జరుగునే కాని తప్పిపోదు. చిప్పును మరల కొనవచ్చును. సినిమా పాటలు పోయినను మరల దొరకును. కాని మన యూళ్లలో పెండ్లినాడు ముత్తైదువులు పాడిన పాటలు, పండుగనాడు కువి సోదరులు పాడిన పాటలు ఏ బజారులోను దొరకవు. కువి మన తెలుగునకు దగ్గరి చుట్టమైన ద్రావిడభాష. ఫోనులో పట్టిన అట్టి పాటలను బండి స్టీరియోలోనికి ఎక్కించి, ఫోనునుండి చెరిపివేయు అలవాటు మంచిది కాదు. ఆ చిప్పుతోపాటు ఆ గొంతుకయు పోవును.

తాటాకు శాశ్వతము కాదని మన పెద్దలెరుగుదురు. పురుగు కొట్టకముందే క్రొత్త ఆకులపై ప్రతి వ్రాయించిరి. 19వ శతాబ్దమున సి.పి. బ్రౌను పండితులను నియమించి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించినందువలననే పెక్కు కావ్యములు మనకు దక్కినవి. నేటి బాలురకు ఆ శ్రమ లేదు; కొన్ని నిమిషములు చాలును. ప్రతి పాటకును రెండు ప్రతులుండవలెను, ఆ రెండును వేరువేరు చోటుల నుండవలెను, ఏటేట వానిని తీసి వినిచూడవలెను. కారు మెమొరీని మార్చుట మెకానిక్కు పని. ప్రతిని తీయుట మనలో ప్రతివాని పని.