ఆగాలా? ఎగరాలా?

విమానం రన్‌వే కొసన నిలిచి, ఇంజన్ల హోరు పెంచి, ముందుకు దూకుతుంది. అది వేగం పుంజుకొంటుండగా చోదకుల ఎదుటనున్న పలకపై ఒక చిన్న దీపం వెలిగిందనుకొందాం. అప్పుడేమి చేయాలి? “అనుమానం కలిగినప్పుడు ఎగరడమెందుకు? ఆపివేయడమే మేలు” అని మనకు తోచడం సహజం. బస్సుకైనా, రైలుకైనా ఈ న్యాయం చక్కగా సరిపోతుంది. విమానానికి మాత్రం ఇది కొంత దూరం వరకే వర్తిస్తుంది. దీపం వెలిగినది ఏ వేగం వద్ద అన్నదానిపై సమాధానం ఆధారపడి ఉంటుంది.

కాక్‌పిట్‌లోని హెచ్చరిక దీపాలు ముఖ్యంగా రెండు రంగులవి. ఎరుపు రంగు తక్షణ ప్రమాదాన్ని తెలుపుతుంది. నారింజ ఛాయ గల పసుపు రంగు, ఏదో లోపమున్నదనీ దానిని గమనించవలసి ఉన్నదనీ చెబుతుంది. ఆరంభంలో, అనగా వేగం 80 నాట్‌లకు (గంటకు సుమారు 148 కి.మీ.) లోబడి ఉన్నప్పుడు, సరిగా మూతపడని తలుపును సూచించే దీపం వెలిగినా పరుగు విరమించవచ్చును. విమానం నెమ్మదిగా ఆగుతుంది. ప్రయాణం కొంత ఆలస్యమవుతుంది. నష్టమంతే.

వేగం పెరిగిన కొలదీ ఈ లెక్క మారిపోతుంది. గతిజశక్తి వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. 75 టన్నుల విమానం సెకనుకు 72 మీటర్ల వేగంతో పరుగెడుతున్నప్పుడు దానిలో 19 కోట్ల జౌళ్లకు మించిన శక్తి ఉంటుంది. వేగం అందులో సగమే అయితే శక్తి నాలుగోవంతు మాత్రమే. విమానం ఆగాలంటే ఈ శక్తిలో అధికభాగం బ్రేకులలో వేడిగా మారవలసిందే. ఆ వేడికి టైర్లు పేలిపోకుండా, చక్రాలలో అమర్చిన లోహపు బిరడాలు కరిగి గాలిని బయటకు వదిలివేస్తాయి. ఒకవైపు ఇంత జరుగుతుండగా మరొకవైపు మిగిలిన రన్‌వే సెకనుకు డెబ్బది మీటర్ల చొప్పున తరిగిపోతూ ఉంటుంది.

కనుకనే ప్రతి ప్రయాణానికి ముందు విమానం బరువు, రన్‌వే పొడవు, గాలి, ఉష్ణోగ్రతలను బట్టి ఒక నిర్ణయవేగాన్ని గణిస్తారు. దానిని ‘వీ-వన్’ అంటారు. ఆపదలచుకొంటే ఆ వేగాన్ని చేరేలోగానే ఆపడం మొదలుపెట్టాలి. దానిని దాటిన పిమ్మట ఒక ఇంజన్ చెడిపోయినా, మిగిలిన ఇంజన్ల బలంతో పైకెగిరి తిరిగి వచ్చి దిగడమే క్షేమం. అంతవరకు ఇంజన్ల శక్తిని నియంత్రించే మీటలపై ఉన్న కెప్టెన్ చేయి, ‘వీ-వన్’ అన్న మాట వినగానే వాటిని వదిలివేస్తుంది. ఆపాలన్న ఆలోచనకు తావు లేకుండా చేయడానికే ఈ అలవాటు.

విమాన నిర్మాతలు మరొక అడుగు ముందుకు వేశారు. ఎయిర్‌బస్ ఎ-320 వంటి విమానాలలో 80 నాట్‌ల వేగం దాటగానే అంతగా ముఖ్యం కాని హెచ్చరికలు వాటంతట అవే మౌనం వహిస్తాయి. లోపమున్నా, విమానం సుమారు 1,500 అడుగుల ఎత్తు చేరే వరకు ఆ దీపాలు వెలగవు. చోదకునికి తెలియవలసిన విషయాన్ని దాచడం వింతగా తోచవచ్చును గాని, ఆ కొద్ది సెకన్లలో అనవసరమైన కబురు కూడా అపాయకరమే.

1992 జులై 30న న్యూయార్క్‌లో జరిగిన సంఘటన ఇందుకు తార్కాణం. శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరిన టి.డబ్ల్యు.ఎ. సంస్థ ట్రైస్టార్ విమానం నేలను వదిలిన వెంటనే, నియంత్రణ దండం గడగడ వణికింది. రెక్కలు గాలిపై పట్టు కోల్పోనున్నాయని తెలిపే హెచ్చరిక అది. విమానాన్ని నడుపుతున్న సహచోదకుడు నియంత్రణను కెప్టెన్‌కు అప్పగించాడు. కెప్టెన్ విమానాన్ని తిరిగి నేలపై దించాడు. మిగిలిన రన్‌వే చాలలేదు. విమానం గడ్డినేలలోకి దూసుకొనిపోయి మంటలలో నాశనమైంది. అందులోని 292 మందీ ప్రాణాలతో బయటపడడం అదృష్టమే. నిజానికి ఆ విమానం ఎగరగల స్థితిలోనే ఉన్నది! గాలి తాకే కోణాన్ని కొలిచే పరికరం చెడిపోయి అబద్ధపు హెచ్చరిక చేసిందని దర్యాప్తులో తేలింది. ఆ పరికరం అంతకుముందు కూడా పలుమార్లు మొరాయించింది.

అయితే ఈ నియమానికీ ఒక మినహాయింపు లేకపోలేదు. విమానం ఎగరజాలదని స్పష్టమైనప్పుడు వీ-వన్ దాటినా ఆపక తప్పదు. 2017 మార్చి 8న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, విల్లోరన్ విమానాశ్రయం నుండి 116 మందితో ఒక ఎం.డి.-83 విమానం బయలుదేరింది. నిలిపి ఉంచినప్పుడు వీచిన పెనుగాలులకు దాని తోకలోని ఎలివేటర్ ఒకటి బిగుసుకుపోయిన సంగతి ఎవరికీ తెలియదు. ఏ దీపమూ వెలగలేదు. నియంత్రణ దండాన్ని ఎంత లాగినా విమానం ముక్కు పైకి లేవలేదు. వీ-వన్ దాటిన పిదపనే కెప్టెన్ పరుగు విరమించాడు. విమానం రన్‌వే దాటిపోయి ఆగింది గాని, ఒక్క ప్రాణమూ పోలేదు. పక్కన కూర్చుని ఆయనను పరిశీలిస్తున్న అనుభవజ్ఞుడైన పైలట్ నోట ముందుగా వచ్చినది, వీ-వన్ దాటాక ఆపరాదన్న నియమమే. అయినప్పటికీ అతడు నియంత్రణను తన చేతిలోకి లాగుకొనలేదు.