తీరం దాటింది... కొండెక్కింది!

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. రుషికొండ నుంచి ఉక్కునగరం దాకా చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. గాలి తగ్గాక ‘హమ్మయ్య... పోయింది’ అనుకుంది ఊరంతా.

ఎక్కడికి పోయింది?

ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్‌ల మీదుగా హిమాలయాలకు! దారిలో గాలి జోరు తగ్గింది కానీ, సముద్రం నుంచి మోసుకెళ్లిన తేమ మిగిలే ఉంది. చల్లటి కొండలు తగలగానే అదంతా మంచై కురిసింది. అక్టోబరు 14న నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో, 5,416 మీటర్ల ఎత్తున్న థోరంగ్ లా కనుమ దారిలో వందలమంది ట్రెక్కర్లు ఉన్నారు. అక్టోబరంటే అక్కడ ట్రెక్కింగ్‌కు మంచి కాలం మరి! గంటల్లోనే నడుం లోతు మంచు పేరుకుంది. ఆ మంచు తుపానుకీ, విరిగిపడిన మంచు చరియలకీ 40 మందికి పైగా బలయ్యారు. వారిలో గైడ్లు, పోర్టర్లు, స్థానికులూ ఉన్నారు.

పంచదార మీద పలక
చలికాలం ముదరకముందే చరియలేమిటి అనిపిస్తుంది. సీజన్ మొదట్లో పడే మంచు పలచన. ఎండ తగలని వాలుల్లో అది కరగదు. కింద నేల వెచ్చన, పైన గాలి చల్లన. ఆ తేడాకు పట్టు వదిలి పంచదార పలుకుల్లా మారుతుంది. దానిమీద మళ్లీ భారీగా మంచు పడితే పంచదార మీద పలక పెట్టినట్టే. 30 నుంచి 45 డిగ్రీల వాలులో, ఒక్క మనిషి బరువుకే ఆ పలక విరిగి జారిపోవచ్చు. మంచు ఆగి ఆకాశం తేటపడిన మొదటి ఒకటి రెండు రోజులూ ప్రమాదం పొంచే ఉంటుంది.

పిల్లలు ట్రెక్కింగ్‌కెళితే...
* బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే అది కొండ మీది కబురు కూడా. ఫోన్ చేసి చెప్పండి.
* మన హిమాలయాల్లో మంచు చరియల ముప్పుపై చండీగఢ్‌లోని డీజీఆర్ఈ సంస్థ హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరేముందు చూసుకోమనండి.
* ప్రయాణంలో ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకుంటే, ఆగిపోవడానికి మనసొప్పుతుంది.

రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే మన జాలరి పడవ తీయడు. కొండ మీద ఆ జెండా కనిపించదు. ఇంటి నుంచి వెళ్లే ఒక్క ఫోనే ఆ జెండా!