బండి సర్వీసుకు మీటరే క్యాలెండరు

"అన్నా, ఆయిలు మార్సి మూడు నెలలాయ. ఇప్పుడు మార్సల్లా, ఇంగొక నెల తోలొచ్చునా?" హోసూరు పక్కనున్న మత్తిగిరిలో ఏ మెకానిక్ షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. పని తెలిసిన మెకానిక్ వెంటనే జవాబు చెప్పడు, వంగి మీటరు చూస్తాడు. ఎందుకు చూస్తాడో లెక్క వేసి చూద్దాం.

ఒకే వీధిలో రెండు బండ్లు ఉన్నాయనుకోండి. ఒకటి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే అబ్బాయిది. అత్తిబెలె దాటి పోనూ రానూ రోజుకు 60 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు తిరిగితే 1,500, ఏడాదికి 18,000. రెండోది తోటనుంచి హోసూరు మార్కెట్‌కు పూలో కూరగాయలో మోసే టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్. రోజుకు 12 కిలోమీటర్ల చొప్పున నెలకు 360, ఏడాదికి 4,300 పైచిలుకు. ఇద్దరి బండి పుస్తకంలోనూ 3,000 కిలోమీటర్లకు ఆయిలు మార్చమని ఉందనుకుందాం. మొదటి బండికి ఆ గడువు రెండు నెలలకే వచ్చేస్తుంది. మూడు నెలలు ఆగితే 4,500, అంటే ఒకటిన్నర రెట్లు. రెండో బండి అదే 3,000 చేరడానికి ఎనిమిది నెలలు దాటుతుంది.

అలాగని ఎక్సెల్ ఆయన ఎనిమిది నెలలూ నిశ్చింతగా ఉండకూడదు. దగ్గర దగ్గర తిరిగే బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తాం. లోపల చేరిన నీటి ఆవిరి, కాలకుండా మిగిలిన పెట్రోలు బయటికి పోకుండా ఆయిల్లోనే కలిసిపోతాయి. అందుకే బండి పుస్తకంలో కిలోమీటర్లతో పాటు నెలల గడువు కూడా వేస్తారు. ఏది ముందు వస్తే దాన్నే పట్టుకోవాలి. దూరం తిరిగేవాళ్ళకు కిలోమీటర్లు ముందొస్తాయి, ఊళ్ళో తిరిగేవాళ్ళకు నెలలు.

ఈ ఆయిలు సంగతిని మన ప్రాంతం ఇంత తేలిగ్గా తీసుకోవడానికి ఒక కారణం ఉంది. ఇద్దరు కూర్చునేలా దేశంలో తయారైన మొదటి మోపెడ్ టీవీఎస్ 50. అది 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. మన నాయనల తరం బండి నడపడం నేర్చుకున్నది దానిమీదే. అది టూ స్ట్రోక్. పెట్రోలుతో పాటే ఆయిలు పోయించేవాళ్ళు. ఆ ఆయిలు పెట్రోలుతో కలిసి కాలి పొగై పోయేది, మళ్ళీ బంకుకు పోతే కొత్త ఆయిలే పడేది. ఇంజనులో పాత ఆయిలు మార్చడమనే పని వాళ్ళకు తెలియదు. ఇప్పటి ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్, 99.7 సీసీ. దీంట్లో పోసిన ఆయిలే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ, అరిగిన లోహపు పొడినీ మసినీ తనలోనే మోస్తుంది. బండి చూడ్డానికి పాతదానిలాగే ఉన్నా లోపలి పద్ధతి పూర్తిగా మారిపోయింది. ఈ ఒక్క తేడా ఇంట్లో పెద్దవాళ్ళకు వివరంగా చెప్పాలి.

ఆయిలు తర్వాత అందరూ మరిచేది చైను. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 1.9 మీటర్లు కదులుతుంది. అంటే కిలోమీటరుకు 525 చుట్లు, పై లెక్కలోని అబ్బాయికి నెలకు దాదాపు ఎనిమిది లక్షల చుట్లు. చైను సాగిందని మనం అంటాం గానీ ఇనుము సాగదు. ప్రతి కీలులోనూ పిన్ను కొంచెం కొంచెం అరుగుతుంది. ఒక్కో కీలులో 0.1 మిల్లీమీటరు అరిగిందనుకుంటే, 120 కీళ్ళున్న చైను 12 మిల్లీమీటర్లు పొడవవుతుంది. అప్పుడు అది స్ప్రాకెట్ పళ్ళలో సరిగ్గా కూర్చోదు. పళ్ళు కొక్కేల్లా అరిగిపోతాయి, చైనుతో పాటు రెండు స్ప్రాకెట్లూ మార్చాల్సి వస్తుంది. 500 కిలోమీటర్లకు ఒకసారి తుడిచి ఆయిలు పెడితే ఈ ఖర్చు చాలా కాలం వెనక్కి పోతుంది. రోజుకు 60 తిరిగేవాళ్ళకు అది ఎనిమిది రోజులకోసారి, 12 తిరిగేవాళ్ళకు నెలన్నరకోసారి. దయచేసి ఇంజనునుంచి తీసిన నల్ల ఆయిలు మాత్రం చైనుకు పూయకండి. అందులోని లోహపు పొడే పిన్నులను అరగదీస్తుంది. గేర్ ఆయిలు 90 కొద్దిగా చాలు.

గాలి విషయం చిన్నదే. చాలా 100, 125 సీసీ బండ్లకు ముందు 25, వెనుక 28 నుంచి 32 పాయింట్ల దాకా ఉంటుంది. మీ బండి అంకె స్వింగ్ ఆర్మ్ మీదో చైన్ కవర్ మీదో అంటించి ఉంటుంది, అదే ప్రమాణం. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టైరులో 10 డిగ్రీల వేడి పెరిగితే గాలి మీటరు ఒకటిన్నర పాయింటు ఎక్కువ చూపిస్తుంది. కృష్ణగిరి ఎండలో వంద కిలోమీటర్లు తోలి, బంకులో ఆగి, ఎక్కువుందని గాలి తీయించుకుంటే మర్నాడు పొద్దున హోసూరు చలిలో టైరు మెత్తబడి ఉంటుంది.

ఇవన్నీ చేస్తే మిగిలేదెంత? లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి సరైన గాలి లేక, బిగుసుకున్న బ్రేకుతో, దుమ్ము నిండిన ఎయిర్ ఫిల్టరుతో 45కి పడిందనుకోండి. 1,500 కిలోమీటర్లకు 30 లీటర్లకు బదులు 33 పైన పడుతుంది. ఏడాదికి 40 లీటర్లు ఎక్కువ. లీటరు వంద రూపాయల లెక్కన 4,000. ఏడాదికి సరిపడా ఆయిలు మార్పులు చాలావరకు అందులోనే వస్తాయి. మన చుట్టూ గ్రానైట్ క్వారీల దారులున్నాయి కాబట్టి, ఆ వైపు తిరిగేవాళ్ళు ఫిల్టరును పుస్తకం చెప్పినదానికంటే ముందే తీసి చూడాలి. మైలేజీ ఊహించి చెప్పకండి. ట్యాంకు నిండా పోయించి, మీటరు రాసుకుని, 300 కిలోమీటర్ల తర్వాత అదే బంకులో మళ్ళీ నింపండి. 6.2 లీటర్లు పట్టిందంటే మీ బండి 48 ఇస్తోంది.

ఇప్పుడు ఏథర్ హోసూరులో, ఓలా మన జిల్లా పోచంపల్లిలో కరెంటు స్కూటర్లు తయారుచేస్తున్నాయి. వాటికి ఇంజను ఆయిలూ ప్లగ్గూ లేవు. టైర్లు, బ్రేకులు మాత్రం కిలోమీటర్ల లెక్కకే అరుగుతాయి.

సెకండ్ హ్యాండు బండి కొనేటప్పుడు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. ఐదేళ్ళ బండి మీటరు 30,000 చూపిస్తే ఏడాదికి 6,000 తిరిగినట్టు. ఊళ్ళో తిరిగే బండికైతే నమ్మొచ్చు. ఓనరు రోజూ బెంగళూరు పోయివచ్చేవాడైతే ఆ అంకె 90,000 దగ్గర ఉండాలి. అలాంటప్పుడు మీటరును పక్కనబెట్టి సర్వీసు బిల్లులు అడగండి, ఫుట్‌రెస్టు రబ్బరు, బ్రేకు పెడలు అరుగుదల చూడండి, కవరు తీయించి స్ప్రాకెట్ పళ్ళు చూడండి. ఆ తర్వాతే బేరం మాట్లాడండి.