వార్తల్లో పదం: రియాక్టివ్ ఆర్థ్రైటిస్

విరేచనాలో, మూత్రనాళ ఇన్‌ఫెక్షనో వచ్చిన ఒకటి నుంచి నాలుగు వారాలకు మోకాలో చీలమండో ఉన్నట్టుండి వాచిపోతే వైద్యులు అనుమానించే జబ్బు ఇది. సాల్మొనెల్లా, షిగెల్లా, క్లమీడియా వంటి బ్యాక్టీరియాలు కారణం. చిక్కేమిటంటే, వాచిన కీలు నుంచి సూదితో తీసిన పసుప్పచ్చని ద్రవాన్ని కల్చర్‌కు పెడితే ఏమీ పెరగదు. అందుకే కీలులో సూక్ష్మజీవి లేదనే చాలాకాలం అనుకున్నారు.

పీసీఆర్ వచ్చాక ఆ నమ్మకం సడలింది. 1983లో కేరీ ముల్లిస్ రూపొందించిన ఈ పద్ధతి రవ్వంత డీఎన్‌ఏను కోట్ల ప్రతులుగా పెంచి చూపుతుంది. దాంతో కొందరి కీలు పొరలో క్లమీడియా డీఎన్‌ఏ బయటపడింది. అంతకన్నా ముఖ్యం, ఆర్‌ఎన్‌ఏ కూడా దొరికింది. అది త్వరగా చెదిరిపోయేది కనుక, బ్యాక్టీరియా అక్కడ బతికే ఉందనడానికి బలమైన ఆధారం. పేగుల నుంచి వచ్చే సాల్మొనెల్లా వంటివాటి విషయంలో మాత్రం ఎక్కువగా బ్యాక్టీరియా శకలాలే కనిపించాయి.

అయితే కీళ్ల అరుగుదల ఉన్నవారిలోనూ, ఏ బాధా లేనివారిలోనూ అప్పుడప్పుడూ ఇలాంటి ఆనవాళ్లు కనిపించాయి. ల్యాబులో నమూనా కలుషితమైనా పాజిటివ్ రావచ్చు. ఆనవాలు దొరికినంత మాత్రాన అదే దోషి అనలేం. కాబట్టి పీసీఆర్ రిపోర్టు ఒక్కటే చూసి సొంతంగా యాంటీబయాటిక్స్ వాడకండి. ఈమధ్య వచ్చిన విరేచనాలు, మూత్రంలో మంట గురించి మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి.