ఒక్క పంక్తి దిద్దుబాటు

కంప్యూటరు తనంత తానుగా ఏ నిర్ణయమూ చేయదు. ఏ డిస్కును ఎక్కడ జతపరచాలో, ఎవరిని లోనికి అనుమతించాలో, ఏ పేరు ఏ చిరునామాకు చెందుతుందో దానికి ముందుగానే తెలియజేయవలసి ఉంటుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఈ ఆదేశాలు చాలావరకు 'ఈటీసీ' అనే డైరెక్టరీలో, మనిషి చదవగల అక్షరరూపంలోనే ఉంటాయి. వీటిని కాన్ఫిగరేషన్ ఫైళ్ళు అంటారు. అయితే ఒక్కొక్క ఫైలుది ఒక్కొక్క వ్యాకరణం. వాడుకరుల వివరాలుండే ఫైలులో ఏడు అంశాలను కోలన్ గుర్తులు విడదీస్తాయి. డిస్కుల జాబితాలో ఆరు అంశాల నడుమ ఖాళీలే హద్దులు. హాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తులు వ్యాఖ్యలు. యంత్రం వాటిని పట్టించుకోదు గాని, ఫలానా మార్పు ఎందుకు జరిగిందో తరువాత వచ్చే ఉద్యోగికి చెప్పేవి అవే.

ఒక యంత్రంలో ఒక మార్పుకు ఎడిటరు చాలు. వందల యంత్రాలలో అదే మార్పు చేయాలంటే స్క్రిప్టు తప్పదు. ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంటుంది. పేర్లను, చిరునామాలను కలిపే 'హోస్ట్స్' ఫైలులో 10.0.0.1ని 10.0.0.2గా మార్చవలసి ఉన్నదనుకుందాం. అక్షరాలను వెతికి మార్చే సామాన్యమైన స్క్రిప్టు 10.0.0.15లో కూడా అవే అక్షరాలను చూసి దానిని 10.0.0.25గా చేస్తుంది. ఏ దోషసూచనా రాదు. దూరం నుండి ప్రవేశానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వరు ఫైలులోని చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఒకే ఆదేశం అందులో రెండుమార్లు వస్తే మొదటిదే చెల్లుతుంది. నిర్వాహకుని ఖాతాకు ప్రవేశం నిషేధిస్తూ చివర ఒక పంక్తి చేర్చినా, పైన అనుమతి ఉంటే తలుపు తెరిచే ఉంటుంది. మూశామనే భ్రమ ఒకటి అదనం.

అందువల్ల ఫైలును అక్షరాల వరుసగా కాక నిర్మాణంగా చదివే లైబ్రరీలు వచ్చాయి. పైథాన్‌తో లభించే 'కాన్ఫిగ్‌పార్సర్' ఒక తరహా ఫైళ్ళను చక్కగా చదువుతుంది గాని, తిరిగి రాసేటప్పుడు వ్యాఖ్యలను పోగొడుతుంది. ఈ లోపం లేనిది 'ఆజియస్'. డేవిడ్ లుటర్‌కార్ట్ 2008లో ఒట్టావా లినక్స్ సదస్సులో దీనిని వివరించారు. ఏళ్ళ తరబడి శుభ్రపడని పశుశాలలు గల గ్రీకు పురాణరాజు పేరది. ఈటీసీ డైరెక్టరీని ఎరిగినవారికి ఆ చమత్కారం వెంటనే తెలుస్తుంది.

ఆజియస్ ప్రతి ఫైలునూ ఒక వృక్షంగా మలుస్తుంది. హోస్ట్స్ ఫైలులోని ఒక్కొక్క పంక్తి ఒక కొమ్మ. చిరునామా, అసలు పేరు, మారుపేర్లు దాని ఆకులు. పైథాన్ లేదా రూబీ స్క్రిప్టు ఆ కొమ్మను చేరి చిరునామా అనే ఆకును మాత్రమే మారుస్తుంది. ఫైలును వృక్షంగానూ, వృక్షాన్ని మళ్ళీ ఫైలుగానూ మార్చే వర్ణనకు 'లెన్స్' అని పేరు. రెండు దిశలకూ ఒకే వర్ణన కావడం చేత, ముట్టని పంక్తులు, వ్యాఖ్యలు యథాతథంగా నిలుస్తాయి. చిరునామా ఉండి పేరు లేని కొమ్మను చేరిస్తే, భద్రపరచడానికే అది నిరాకరిస్తుంది.

కాని లెన్స్‌కు తెలిసినది రూపమే, అర్థం కాదు. 10.0.0.2 అనే యంత్రం నిజంగా ఉన్నదో లేదో అది ఎరుగదు. కనుకనే అనుభవజ్ఞులైన నిర్వాహకులు ఎస్ఎస్‌హెచ్ ఫైలును మార్చిన పిదప, ఉన్న అనుసంధానాన్ని తెంచకుండా, మరొక కిటికీ నుండి కొత్తగా ప్రవేశించి చూస్తారు.