వీథియాటల కట్టుబాట్లు - పరిభాష

నగరవీథి యే ఒక్కరి సొత్తును కాదు. అందు బండ్లు పోవును, కూరగాయల తట్టలు దిగును, పెండ్లిపందిళ్ళు లేచును. ఇట్టి చోట పిల్లలు తీర్పరి లేకయే, హద్దు గల మైదానము లేకయే, గంటలకొలది ఎట్లాడుకొనగలుగుచున్నారు? ఈ ప్రశ్నకు సమాధానము ఆటల పేళ్ళలో దొరకదు. ఆటను మొదలిడు మాటలలోను, నిలుపు మాటలలోను, తగవు తీర్చు మాటలలోను దొరకును. ఆటలను సేకరించువారు తరచుగా పాటలను, ఆడు విధానమును వ్రాసికొని తృప్తి చెందుదురు. మేమిందు ఆటను ఏర్పరచుకొను పద్ధతిని, దాని పరిభాషను పరిశీలింపదలచితిమి.

దాగుడుమూతలవంటి ఆటలకు ముందుగా దొంగను నిర్ణయింపవలెను. అందులకై వేయునవి 'పంటలు'. ముగ్గురు చేతులు కలిపి, ఒక్కమారుగా పైకెత్తి, అరచేతిని వెల్లకిలగనో బోరగిలగనో వేయుదురు. ఇద్దరిదొక తీరును ఒకనిది వేరొక తీరును అయినచో ఆ వేరైనవాడు 'పంట', అనగా బయటపడినవాడు. ఇద్దరే మిగిలినప్పుడు పంటయైనవాడొకడు సాయమునకు చేయి కలుపును. కడపట మిగిలినవాడు దొంగ. ఇందు దొంగతనము నేరము కాదు, వంతు మాత్రమే.

రెండు జట్లుగా ఆడు చెడుగుడువంటివానికి పంటలు చాలవు, 'ఉద్దులు' కావలెను. ఉద్ది యనగా సాటివాడు, జతవాడు. నేర్పున సమానులైన ఇద్దరు దూరముగ పోయి రహస్యనామములు పెట్టుకొందురు. ఒకడు పులి, ఇంకొకడు సింహము. భుజములపై చేతులు వేసికొని వచ్చి, నాయకుల యెదుట నిలిచి, పులి కావలెనా సింహము కావలెనా యని అడుగుదురు. కోరిన పేరు ఎవనిదో వాడా నాయకుని జట్టువాడగును. రెండవవాడు ఎదుటి జట్టున చేరును. తరువాతి జంటను కోరు వంతు రెండవ నాయకునిది. ఇందలి యుక్తి గమనింపదగినది. ఎవడు దిట్టయో నాయకుడెరుగును. కాని పేరు మరుగున నుండుటచే వానిని ఏరుకొనజాలడు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు: ఎవ్వరికిని అక్కరలేనివాడుగా కడపట నిలిచిపోవు అవమానము ఏ బిడ్డకును కలుగదు. తమిళమునను ఈ పద్ధతికి 'ఉత్తి' యను పేరు కలదు. కావున ఇది ఒక్క ఊరి పిల్లల కల్పన కాదు.

వీథిలో అన్ని వయసులవారు నుందురు. అక్కతో వచ్చిన నాలుగేండ్ల పిల్లను తరిమివేయరాదు, దొంగను చేయరాదు. ఆ పిల్ల 'ఆటలో అరటిపండు'. బొంబాయి పిల్లలు ఇట్టివానినే 'కచ్చా లింబూ' అందురు. న్యాయము తప్పినది 'తొండి'. చెప్పినదానిని చెల్లకుండ చేయునది 'తూచ్'. ఒక్క యక్షరముతో ఒప్పందమును రద్దుచేయగల మాట న్యాయవాదుల భాషలో సైతము లేదు!

నేల మారినప్పుడు ఆటయు మారినది. బిళ్ళంగోడునకు (తెలంగాణమున చిర్రగోనె) నేలలో చిన్న గాడి కావలెను. గోళీలకు గుంట కావలెను. తారురోడ్డు మీద రెండును త్రవ్వరావు. ఏడు పెంకులాటకు ఇంటికప్పు పెంకులే సాధనములు. డాబాలు వచ్చిన పిమ్మట పిల్లలు రాళ్ళు పేర్చుచున్నారు. తొక్కుడుబిళ్ళ మాత్రము సిమెంటుపై సుద్దముక్కతో బ్రతికినది. గట్టినేల కలిసివచ్చినది క్రికెట్టుకు. గల్లీ క్రికెట్టు నియమములను పరిశీలించినచో అవి ఇరుగుపొరుగుతో చేసికొన్న సంధిపత్రమువలె తోచును: బంతి ఎవరి ఇంటిలోనైన పడినచో ఆటగాడు అవుటు, కొట్టినవాడే పోయి తేవలెను, నేలపై ఒకసారి లేచిన బంతిని ఒంటిచేత పట్టినను అవుటే. బందు దినములలో పెద్ద రోడ్లు సైతము మైదానములగుట నగరవాసు లెరిగినదే.

చెడుగుడు చరిత్ర దీనికి భిన్నము. అఖిలభారత కబడ్డీ సమాఖ్య 1950లో ఏర్పడినది. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో ఆ ఆటకు పతకస్థానము లభించినది. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు; జట్టునకు ఏడుగురు; కూతకు 30 క్షణములు. ఆటకు గౌరవము హెచ్చినది, సంతోషమే. కాని అచ్చట ఉద్దులకు పనిలేదు, అరటిపండునకు చోటు లేదు.

వీథినే తిరిగి ఆటకిచ్చు యత్నములును కలవు. న్యూయార్కు నగరమున 1914లో పోలీసులు కొన్ని వీథులను బండ్లకు మూసి పిల్లలకు విడిచిరి; బ్రిటనులో 1938లో ఇందులకై ఒక చట్టమే వెలసినది. హైదరాబాదున 2021లో ట్యాంకుబండును ఆదివారపు సాయంకాలములందు వాహనములకు మూసి జనులకు విడిచిరి. ఇవి చోటును ఇచ్చును. కట్టుబాట్లను మాత్రము ఆడువారే తెచ్చుకొనవలెను.

అయోనా, పీటర్ ఓపీ దంపతులు 1959లో ప్రకటించిన గ్రంథమున, ఆటను క్షణకాలము నిలుపుటకు బ్రిటిషు పిల్లలు వాడు పదములను ప్రాంతములవారిగా చూపిరి. 1969 నాటి గ్రంథమున ఆటను మొదలిడు పద్ధతులకే మొదటి ప్రకరణమును కేటాయించిరి. మనకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదించిన మాండలిక వృత్తిపదకోశము (వ్యవసాయము, 1962) దారి చూపుచున్నది. నాగలి భాగములకు జిల్లాజిల్లాకు మాట మారినట్లే పంటలకును, తూచ్‌నకును మారుటకు అవకాశము కలదు. సేకరించు విద్యార్థులకు ఒక్క సూచన: పెద్దలను కూర్చుండబెట్టి అడిగినచో పాటలు వచ్చును గాని ఈ మాటలు రావు. నలుగురిని వాకిట నిలిపి, చేతులు కలుపుడని కోరి, వ్రాసికొనవలెను.